బ్రీత్ ఎనలైజర్ అంకె ఎంత కచ్చితం? ఊదే ముందు ఇవి తెలుసుకోండి

రాత్రి వేళ విజయవాడ బెంజ్‌ సర్కిల్‌ దాటుతుంటే పోలీసులు బండి ఆపి, గొట్టం నోటి ముందు పెట్టి ఊదమంటారు. డ్యూటీ ఎక్కే ముందు డిపోలో ఆర్టీసీ డ్రైవరూ ఊదాల్సిందే. తెరపై కనిపించే ఆ అంకెతోనే కేసు, జరిమానా, ఒక్కోసారి ఉద్యోగం కూడా ముడిపడి ఉంటాయి. మరి ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

పరిమితి ఎంత?

మోటారు వాహనాల చట్టం-1988, సెక్షన్‌ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్‌ 30 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే మొదటిసారి 6 నెలల వరకు జైలు లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు, రూ.15 వేల జరిమానా పడొచ్చు.

యంత్రం కొలిచేదేంటి?

రక్తాన్ని కాదు, ఊపిరిని. ఊపిరితిత్తుల లోపలి గాలి కంటే రక్తంలో ఆల్కహాల్‌ 2,100 రెట్లు ఉంటుందన్న సగటు లెక్కతో యంత్రం అంకె చూపిస్తుంది. ఆ లెక్కన చట్టపరిమితికి సమానమైన మోతాదు లీటరు గాలిలో సుమారు 0.14 మిల్లీగ్రాములే. ఇంత సూక్ష్మ పరిమాణం కాబట్టే గాలి నమూనా తీసే పద్ధతి కీలకం.

తేడా ఎక్కడొస్తుంది?

నోటిలో మిగిలిన ఆల్కహాల్‌: మౌత్‌వాష్, ఆల్కహాల్‌ ఉన్న దగ్గు మందు, కొన్ని హోమియో చుక్కలు వాడిన వెంటనే ఊదితే అంకె ఎక్కువ రావచ్చు. 15 నిమిషాలు ఆగితే ఈ ప్రభావం దాదాపు పోతుంది.

పైపైన ఊదడం: ముందుగా వచ్చేది నోరు, శ్వాసనాళంలోని గాలి. రక్తం సంగతి చెప్పేది చివర్లో వచ్చే గాలే. అందుకే ఆపకుండా ఊదమంటారు.

ఉష్ణోగ్రత: ఊపిరి వేడి ఒక డిగ్రీ పెరిగితే రీడింగ్‌ సుమారు 6.5 శాతం పెరుగుతుంది. జ్వరం ఉంటే ముందే చెప్పండి.

సెన్సర్: ఫ్యూయల్‌ సెల్‌ రకం ప్రధానంగా ఆల్కహాల్‌కే స్పందిస్తుంది. చౌకగా దొరికే సెమీకండక్టర్‌ రకం ఇతర వాయువులకూ స్పందించవచ్చు.

క్యాలిబ్రేషన్‌: వాడేకొద్దీ సెన్సర్‌ తీరు మారుతుంది. ఆల్కహాల్‌ మోతాదు ముందే తెలిసిన గాలితో ఎప్పటికప్పుడు సరిచూడాలి.

సోంపు, ఉల్లిపాయ నమిలితే తప్పించుకోవచ్చా?

లేదు. అవి వాసనను కప్పేస్తాయి తప్ప రక్తం నుంచి ఊపిరిలోకి వచ్చే ఆల్కహాల్‌ను ఆపలేవు.

రీడింగ్‌పై అనుమానముంటే?

- కొత్త గొట్టం పెట్టమనండి. ఊదే ముందు తెరపై సున్నా ఉందో లేదో చూడండి.
- మందు వాడి ఉంటే అప్పుడే చెప్పి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించమని కోరండి. ఆల్కహాల్‌ నోటిలోనిదే అయితే రెండో అంకె బాగా పడిపోతుంది.
- రక్తపరీక్ష చేయించమని అడగండి. అరెస్టయిన వారి రక్త నమూనాను వైద్యుడి ద్వారా తీయించి ల్యాబ్‌కు పంపేందుకు సెక్షన్‌ 204 వీలు కల్పిస్తోంది.
- సరైన కారణం లేకుండా పరీక్షకు నిరాకరించొద్దు. సెక్షన్‌ 205 ప్రకారం అది మీకే వ్యతిరేకంగా మారవచ్చు.

అన్నిటికన్నా సులువైన జాగ్రత్త ఒకటుంది. తాగిన రాత్రి బండి తాళం ఇంట్లోనే వదిలేయడం.