యుద్ధానంతరం సిపాయి విడుదల: ఎవరి న్యాయం?

సిపాయిని సైన్యంలో చేర్చుకొనేటప్పుడు పాలకవర్గాలు దేశభక్తిని గురించి మాట్లాడుతాయి. యుద్ధం ముగిశాక అతన్ని ఎవరి అవసరాన్ని బట్టి వదిలిపెడతాయన్నదే అసలు పరీక్ష. ముందెవరు, వెనకెవరు అనే యీ వరస చిన్న పరిపాలనా విషయంగా కనిపిస్తుంది. కాని వర్గసంబంధాల స్వరూపం అందులో స్పష్టంగా బయటపడుతుంది.

1918 నవంబరులో మొదటి ప్రపంచయుద్ధం ఆగేనాటికి బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర ఒక పథకం సిద్ధంగా వుంది. పరిశ్రమలకు కీలకమైన పనివారిని ముందు విడుదల చెయ్యాలన్నది దాని సారాంశం. యజమాని ఉత్తరం రాసి పిలిపించుకున్నవాడికి దారి త్వరగా దొరికేది. అటువంటి పనివారిని ఫ్యాక్టరీలు చాలాకాలం సైన్యానికి వదలలేదు. కనక వారిలో అనేకులు ఆలస్యంగా చేరినవారే. ఆఖర వచ్చినవాడు ముందు ఇల్లు చేరాడు. ఏళ్ల తరబడి కందకాల్లో మగ్గినవాడు శిబిరంలోనే వుండిపోయాడు. 1919 జనవరిలో ఫోక్‌స్టన్ రేవులో వేలాది సైనికులు ఫ్రాన్సుకు ఓడలెక్క నిరాకరించారు. ఆ నెలలోనే యుద్ధమంత్రి అయిన చర్చిల్, వయస్సు, సేవాకాలం, గాయాలు ప్రమాణాలుగా పథకాన్ని మార్చవలసి వచ్చింది. ఆ న్యాయం కింది నుంచి వచ్చిన వత్తిడి ఫలితం.

రెండవ యుద్ధంలో పాలకులు యీ పాఠం గుర్తుంచుకున్నారు. 1944లో కార్మికమంత్రి బెవిన్ పథకం రెండు నెలల సేవను ఒక ఏడాది వయస్సుతో సమానంగా లెక్క కట్టింది. ఇళ్లు కట్టడం వంటి అత్యవసరమైన పనులకు కొందరిని వేరే తరగతిగా పిలిచినా, ప్రధానసూత్రం ఇదే. అయినా అమలులో జాప్యం జరిగింది. 1946 జనవరిలో కరాచీ డ్రిగ్ రోడ్ స్థావరంలో బ్రిటిష్ వైమానికదళ సిబ్బంది సమ్మె కట్టారు. అది ఇతర భారత స్థావరాలకూ, సిలోనుకూ, సింగపూరుకూ పాకింది. వలసలను నిలబెట్టుకోడానికే తమను ఆపుతున్నారన్న అనుమానం వారిలో బలంగా వుంది.

మరుసటి నెల 18న బొంబాయిలో 'తల్వార్' నావికులు తిరగబడ్డారు. వర్ణవివక్ష, నాసిరకం తిండి, రాజకీయ ఖైదీల విడుదల వంటి కోర్కెల పక్కనే మరొకటి వుంది: త్వరగా విడుదల చెయ్యాలి, శాంతికాలంలో తగిన ఉద్యోగం చూపాలి. ఆ రెండో భాగం చాలా ముఖ్యం. యుద్ధాంతానికి ఇరవై లక్షలు దాటిన భారతసైన్యంలో అనేకులను చేర్పించింది పల్లెల్లోని పేదరికం. బతుకుతెరువు లేని విడుదల, వారిని తిరిగి ఆ పేదరికంలోకి తోసెయ్యడమే. తిరుగుబాటు ముగిశాక ప్రభుత్వం వందలాది నావికులను బర్తరఫ్ చేసింది. పని చూపి విడుదల చెయ్యమన్నవారికి దక్కిన విడుదల అది.

కనక సరైన వరస న్యాయంలో సగమే. విడుదలైన మనిషికి పనీ, ఆ వరసను నిర్ణయించడంలో సిపాయికి నోరూ వుంటేనే తక్కిన సగం పూర్తవుతుంది.