ఇంగ్లీషు మాట విరుపు: ఉచ్చారణ దారి, మూలం దారి

పంక్తి చివర పట్టని మాటను చిన్న గీతతో విరిచి, మిగతా భాగాన్ని కింది పంక్తికి దించే పద్ధతి 1450ల నాటి గుటెన్‌బర్గ్ బైబిల్లోనే ఉంది. ఇంగ్లీషు మాటను ఎక్కడ విరవాలన్న దానిపై మాత్రం క్రమంగా రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి ఉచ్చారణను అనుసరిస్తుంది. రెండోది మాట నిర్మాణాన్ని, అంటే ఉపసర్గ, ధాతువు, ప్రత్యయాల కూర్పును అనుసరిస్తుంది.

18వ శతాబ్దపు బడిపుస్తకాలు లాటిన్ వ్యాకరణం నుంచి వచ్చిన నియమాన్ని పాటించేవి. రెండు అచ్చుల నడుమ హల్లు రెండో అచ్చుతో కలవాలి. మాట మొదట రాగల జంట హల్లులను విడదీయకూడదు. 1740లో వెలువడిన థామస్ డిల్‌వర్త్ పుస్తకం ఈ లెక్కనే 'క్ల-స్టర్', 'హ-బిట్' అని విడగొట్టింది. ఇంగ్లీషులో సిలబుల్ అచ్చుతో ముగిస్తే పిల్లలు దాన్ని దీర్ఘంగా చదివే అవకాశం ఉంది. కానీ పై మాటల్లో ఆ అచ్చు హ్రస్వం.

అమెరికా బడిపంతులు నోవా వెబ్‌స్టర్ ఈ చిక్కును పట్టుకున్నాడు. 1783లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన తన వర్ణక్రమ పుస్తకంలో 'క్లస్-టర్', 'హ్యాబ్-ఇట్' అని విడదీశాడు. డిల్‌వర్త్ రెండు సిలబుల్స్‌గా చూపిన 'షన్' ప్రత్యయాన్ని ఒకటిగా లెక్కించాడు. విరుపు చూడగానే సరైన ఉచ్చారణ తెలియాలన్నదే ఆయన పట్టుదల. నీలి అట్ట పుస్తకంగా పేరుపడ్డ ఈ పాఠ్యగ్రంథం కోట్ల ప్రతులు అమ్ముడైంది. అమెరికా నిఘంటువులూ అచ్చుశాలలూ ఉచ్చారణ దారిలోనే సాగాయి.

బ్రిటన్ ముద్రాపకులు మూలానికే పెద్దపీట వేశారు. గ్రీకులో 'ఫొటో' వెలుగు, 'గ్రఫీ' రాత. ఆ అతుకు చెదరకుండా వారు 'ఫొటో-గ్రఫీ' అని విరిస్తే, అమెరికన్లు 'ఫటాగ్-రఫీ' అన్నారు. 'నాలెడ్జ్' బ్రిటన్‌లో 'నో' అనే ధాతువు దగ్గర విరిగితే, అమెరికాలో 'నాల్-ఎడ్జ్' అయింది. ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయంలో హొరేస్ హార్ట్ 1893లో కూర్చిన నియమావళి కంపోజిటర్లకు ఇలాంటి విషయాల్లో దారి చూపింది.

కంప్యూటర్ అక్షరకూర్పు వచ్చాక ఈ పని యంత్రానికి నేర్పాల్సి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ నూత్ శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ 1983లో తన సిద్ధాంత గ్రంథంలో ఒక విధానం చూపాడు. అమెరికా జేబు నిఘంటువు నుంచి రాబట్టిన 4,447 అక్షర నమూనాలు అందులోని విరుపుల్లో 89 శాతాన్ని పట్టుకున్నాయి. నూత్ రూపొందించిన టెక్ ప్రోగ్రాం వాటికి 14 మినహాయింపులు జోడించింది. వాటిలో 'ప్రెజెంట్', 'ప్రాజెక్ట్' అసలు విరగవు. ఎందుకంటే ఇవి నామవాచకమైతే ఒక చోట, క్రియ అయితే మరో చోట విరగాలి. ఏది ఏదో వాక్యార్థమే చెప్పాలి.