పటాన్‌చెరు జలాల్లో సిటాలోప్రామ్: కుంగుబాటు ఔషధాల గుర్తింపు పద్ధతుల చరిత్ర – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రోగి రక్తమూత్రాలలో లేశమాత్రంగా ఉండే ఔషధాన్ని పసిగట్టడానికి రూపొందిన ప్రయోగశాలా పద్ధతులే, హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు వ్యర్థజలాల స్వరూపాన్ని వెల్లడించాయి. మానసిక కుంగుబాటుకు వాడే సిటాలోప్రామ్ ఆధారంగా ఆ పద్ధతుల పరిణామాన్ని, పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. రంగు పరీక్ష నుంచి ద్రవ్యరాశి మాపనం వరకు

ఇమిప్రమైన్‌కు కుంగుబాటును తగ్గించే గుణమున్నదని స్విట్జర్లాండ్ మనోవైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించాడు. 1960లో ఐరీన్ ఫారెస్ట్, ఫ్రెడ్ ఫారెస్ట్‌లు ఆ మందుకు మూత్రపరీక్షను ప్రతిపాదించారు. పొటాషియం డైక్రోమేట్, ఆమ్లాల మిశ్రమాన్ని మూత్రంలో కలిపితే ఆకుపచ్చ నుంచి నీలం వరకు రంగు తేలుతుంది. మందు ఉన్నదీ లేనిదీ ఆ రంగు సూచించేది గాని, పరిమాణాన్ని కచ్చితంగా తేల్చలేకపోయేది.

ఈ ఔషధాలలో అధికభాగం క్షారగుణం కలవి. అందువల్ల నమూనాను క్షారీకరిస్తే మందు సేంద్రియ ద్రావణిలోకి చేరుతుంది. అలా వేరుపడిన మందును తొలుత పలుచని పొర క్రొమటోగ్రఫీతోను, తరువాత వాయు, ద్రవ క్రొమటోగ్రఫీలతోను పరీక్షించారు. జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ పురస్కారంలో భాగం తెచ్చిన ఎలక్ట్రోస్ప్రే ప్రక్రియ, ద్రవ క్రొమటోగ్రఫీని ద్రవ్యరాశి మాపకంతో జోడించడానికి మార్గం సుగమం చేసింది. ఈ విధానంలో సిటాలోప్రామ్ అయాను 325 వద్ద కనిపించి, విచ్ఛిన్నమైనప్పుడు 109 వద్ద ఒక శకలాన్నిస్తుంది. ఈ జంటయే దాని ఆనవాలు. అయితే ఎస్సిటాలోప్రామ్ ద్రవ్యరాశి కూడా అదే. ఆ రెండింటినీ విడదీయడానికి ప్రత్యేకమైన కైరల్ స్తంభం అవసరం.

3. పటాన్‌చెరు సాక్ష్యం

సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను స్వీకరించే శుద్ధికేంద్రం నుంచి వెలువడే నీటిని స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఈ పద్ధతితోనే విశ్లేషించి, 2007లో ఫలితాలను ప్రకటించింది. 59 ఔషధాల కోసం వెదకగా, శుద్ధి అనంతరం కూడా లీటరుకు సిప్రోఫ్లాక్ససిన్ 31,000 మైక్రోగ్రాముల వరకు, సిటాలోప్రామ్ 770–840 మైక్రోగ్రాములు ఉన్నట్లు తేలింది. చికిత్స పొందే రోగి రక్తద్రవంలో సిటాలోప్రామ్ సాధారణంగా లీటరుకు 50–110 మైక్రోగ్రాములుంటుంది. అనగా ఆ నీటిలోని గాఢత కనీసం ఏడు రెట్లు. 2009లో యెర్కర్ ఫిక్ తదితరులు ఆరు గ్రామాల బావులను పరీక్షించి, అన్నిటా ఔషధ అవశేషాలున్నాయని వెల్లడించారు. పలు బావులలో సిటాలోప్రామ్ లీటరుకు ఒక మైక్రోగ్రామును మించింది.

ఈ అంకెలను జాగ్రత్తగా అన్వయించాలి. 20 మిల్లీగ్రాముల మాత్రకు సమానమైన మందు సుమారు 25 లీటర్ల వ్యర్థజలంలో ఉంటుంది. బావినీటిలోనైతే అది వేల లీటర్ల లెక్క. కాబట్టి రక్తంతో పోలిక మనుషులపై తక్షణ విషప్రభావానికి నిదర్శనం కాదు. కాని ఆ నీటిలోనే జీవించే చేపలకు, సూక్ష్మజీవులకు ఔషధ సంపర్కం నిరంతరమైనది. గ్రామీణులకు సైతం అది ఏ వైద్యుడూ సూచించని మందు.

4. ముగింపు

రంగు పరీక్ష ‘ఉన్నదా’ అని అడిగింది. ద్రవ్యరాశి మాపకం ‘ఎంత’ అని అడగగలిగింది. అయినా పరిశోధకుడు ముందుగా ఎంచుకున్న జాబితాలోని పదార్థాలకే ఇటువంటి కొలత సమాధానమిస్తుంది. జాబితాలో చేరని మందులు, వాటి విచ్ఛిన్న పదార్థాలు నీటిలో ఉన్నా ఫలితాల పట్టికలో కనిపించవు. కనుక పట్టికలోని మౌనాన్ని నీటి స్వచ్ఛతగా భావించరాదు. ఏ ప్రాంతంలో ఏ మందులు తయారవుతున్నాయో తెలిసినప్పుడే అక్కడి జాబితా సమగ్రమవుతుంది. పటాన్‌చెరు అనుభవం ఆ అవసరాన్ని స్పష్టం చేస్తున్నది.