వానలకు నడక ఆపిన వాళ్ళ కొండ

రండి పిలకాయలూ, కుంపటి దగ్గరికి జరగండి. తేగలు కాలేలోపల ఒక ముచ్చట చెప్తా.

మనకు వానంటే ఇదిగో, కార్తీకంలో సముద్రం మీద నుంచి వచ్చే ఈ వానే. మైపాడు వైపు గాలి లేచిందంటే ఇందుకూరుపేటలో ముసురు పట్టినట్టే. విశాఖపట్నం పక్క అట్ట కాదు. ఆడ ఆషాఢం, శ్రావణంలోనే దంచి కొడతాయి. అట్టాంటి శ్రావణంలోనే నేనూ, మా బావా బౌద్ధుల కొండలు చూడను నడిచినాం.

మా అక్కా వాళ్ళు అప్పుడు విశాఖలో కాపరం ఉండేవాళ్ళు. తొట్లకొండ మీద తవ్వకాలు ముగిసిన కొత్తలు. 1970లలో నౌకాదళం వాళ్ళు తమ స్థావరం కోసం విమానంలో తిరిగి సర్వే చేస్తా ఉంటే ఆ కొండ మీది పాత కట్టడాల సంగతి బయటపడింది. పురావస్తు శాఖ వాళ్ళు 1988 నుంచి 1992 దాకా తవ్వినారు. పక్కనున్న బావికొండను అంతకు ముందే తవ్వి ఉన్నారు. ఆడ మట్టిపాత్రలో బూడిదతో పాటు చిన్న ఎముక ముక్క దొరికింది. అది బుద్ధుడి ధాతువేనని శానామంది నమ్మకం. భీమిలి దగ్గర పావురాలకొండ మూడోది. "మూడూ సముద్రం వారనే ఉండాయి. బస్సులో పోతే ఏం తెలుస్తుంది, నడుద్దాం రా" అన్నాడు బావ.

పావురాలకొండ ఎక్కి దిగేసరికి చినుకులు మొదలైనాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి వచ్చేటప్పటికి జడివాన. దిబ్బల మీద నుంచి నీళ్ళు ఎర్రగా దిగి ఇసకలోకి పోతా ఉండాయి. గొడుగు గాలికి తిరగబడింది. దాన్ని మడిచి చంకన పెట్టుకొని, పంచెలు ఎగ్గట్టి, చెప్పులు చేత పట్టుకొని నడిచినాం. మంగమారిపేటలో చూరు కింద వల బాగుచేసుకుంటా ఉన్న ముసలాయన మమ్మల్ని చూసి, "ఏటి బాబూ, ఈ వానలో కొండకేటి? రేపెల్లండి" అన్నాడు. ఆయన మాటలో ఎంత ధర్మముందో నాకు కొండ మీదకి పోయినాకనే తెలిసింది.

తొట్లకొండ పైన మనిషన్నవాడు లేడు. మధ్యలో మహాస్తూపం, చుట్టూ చిన్న స్తూపాలు, వరసగా భిక్షువుల గదుల పునాదులు. ఒక్కో గది ఒక మనిషి చాప పరుచుకునేంత. అందరూ కలిసి తినేదానికి భోజనశాల. రెండువేల ఏళ్ళ నాటివి అవి. ఆడ శాతవాహనుల నాణేలతో పాటు రోము దేశపు వెండి నాణేలు గూడా దొరికినాయి. మన నెల్లూరు దగ్గర గూడా 18వ శతాబ్దం చివర్లో ఒక రైతు నాగలికి రోము బంగారు నాణేలున్న కుండ తగిలింది. ఈ సముద్రం వారన ఓడల వాళ్ళూ, వర్తకులూ, భిక్షువులూ ఎంతెంత దూరాల నుంచి వచ్చిపోయినారో చూడండి.

నా కాళ్ళు ఆగిపోయింది మాత్రం తొట్ల దగ్గర. కొండరాతిని తొలిచి చేసిన నీళ్ళ తొట్లవి, వాటి వల్లనే ఆ కొండకు ఆ పేరు. వాన నీళ్ళు రాతి వాలు మీద పలచగా జారి, అంచు దగ్గర కూడుకొని, తొట్టిలోకి దిగతా ఉండాయి. బావీ, చెరువూ లేని కొండ కొన మీద అంతమంది తాగను, వండుకోను, ఒళ్ళు కడుక్కోను ఆ నీళ్ళే దిక్కు. ఉలితో రాయి తొలిచినోడికి వాన ఎటు నుంచి జారి వస్తుందో ఎరికే. వానలో తడస్తా, నిలబడి, చూసి చూసి తొలిచి ఉండాల.

మా బావ స్కూలు అయ్యవారు, పుస్తకాలు చదివినోడు. ఆడ కూర్చోబెట్టి చెప్పినాడు. బుద్ధుడి కాలంలో మొదట భిక్షువులు వానల్లో గూడా ఊరూరా తిరిగేవాళ్ళంట. రాజగృహమనే నగరంలో జనం ఊరుకోలేదు. "పక్షులు గూడా వానకాలం గూడు కట్టుకొని ఒకచోట ఉంటాయి, వీళ్ళేంది పచ్చని మొలకలు తొక్కుతా, పురుగూ పుట్రా చంపుతా తిరుగుతున్నారు" అని తిట్టుకున్నారంట. ఆ మాట బుద్ధుడి చెవిన పడింది. ఆయన జనం మీద కోపగించుకోలేదు. ఆషాఢ పున్నమ మర్నాటి నుంచి మూడు నెలలు ఎవరూ తిరగకూడదని నియమం పెట్టినాడు. అదే వర్షావాసం. ఒకచోట ఆగాలంటే నీడా, నీళ్ళూ కావాల. అందుకే కొండల మీద ఆ గదులూ, ఆ తొట్లూ. భిక్షువుల్లో ఎవరు పెద్ద అనేది గూడా ఇన్ని వర్షావాసాలు చేసినాడు అనే లెక్కతోనే. వానలు పోయినాక ఊరోళ్ళు వాళ్ళకు చీవరాలు, అంటే భిక్షువులు కట్టుకునే బట్టలు, దానం చేసేవాళ్ళు. సింహళంలో, బర్మాలో ఇప్పటికీ చేస్తారు.

నాకు ఒళ్ళు పులకరించింది. మనం సేద్యగాళ్ళం. నాటిన మడిలో మనిషి అడుగు పడితే మన గుండె ఎట్ట కలుక్కుమంటుందో మీకు తెలుసు. ఆ బాధ విని నడక మానుకున్నారు చూడండి, అంతకన్నా పెద్ద ధర్మం ఏముంది? ఇంక మేము గూడా ఆ పొద్దు బావికొండకు పోలేదు. వాన వెలిసినాక ఇంకో రోజు పోయినాం.

2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మీది మహాస్తూపం కూలిందని విని నేను అన్నం తినలేకపోయినా. మళ్ళీ కట్టినారు, సంతోషం. 2021 నవంబరులో పెన్నమ్మ పొంగి మన పక్క ఊళ్ళ మీదకు వచ్చింది మీరే చూసినారు. నీళ్ళకు మనం దారి వదిలితే అవి మన తొట్టి నింపుతాయి. దారి మూసేస్తే మన ఇంట్లోకి వస్తాయి.

అందుకే చెప్తా ఉండా, రేపు మీ చేతికి సేద్యం వస్తుంది. పిల్లకాలవ పూడ్చి మడిలో కలుపుకోబాకండి. చెరువు కలుజుకు అడ్డం కట్టబాకండి. ఎవరన్నా కడతా ఉంటే చూసి గమ్మున ఉండబాకండి, పదిమందిని పిలిచి అడగండి. రాజగృహంలో నోరు తెరిచి అడిగింది గూడా మామూలు జనమే.