పుస్తకానికి పైసలు ఎవరు పెట్టిండ్రు?

"సార్, పుస్తకం ఏయాల్నంటే ఎంతయితది?"

పోయిన నెల ములుగులో డిగ్రీ రెండో సంవత్సరం చదివే తమ్ముడు అడిగిన మాట ఇది. చేతిలో 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, దాంట్లో అరవై దాకా కవితలు. వాళ్లమ్మ మిర్చి ఏరడానికి కూలికి పోయిన రోజుల మీద రాసినవి కొన్ని ఉన్నాయి, అవి నిజంగా బాగున్నాయి. నాకు వెంటనే జవాబు తోచలేదు. "ఎన్ని ఫారాలు వస్తదో చూడాలె" అన్నాను. "ఫారమంటే ఏంది సార్?" అన్నాడు.

ఫారం అంటే 16 పేజీలు. ప్రెస్సువాళ్ల లెక్క అంతా దీనిమీదే నడుస్తుంది. ఈ మాట నాకు ఎం.ఏ.లో ఎవరూ చెప్పలేదు, పీహెచ్‌డీలో కూడా చెప్పలేదు. జాషువా పద్యంలో యతి ఎక్కడ పడిందో చెప్పడం నేర్పారు. ఆ పద్యం రాసిన రోజుల్లో ఆయనకు జీతం ఎక్కడినుంచి వచ్చేదో అడగడం నేర్పలేదు. మన సాహిత్య చరిత్రల్లో కవి పేరుంటది, కృతి పేరుంటది, సంవత్సరం ఉంటది. ఈ మూడింటి నడుమ జరిగిన పని మొత్తం మాయం. చేసిన పని మాయం కావడం మన వాడలకు కొత్తేం కాదు గానీ, మన కవుల విషయంలో మనమే ఆ పని చేస్తున్నామని నాకు ఆ రోజు తట్టింది.

అందుకే ఈ భాగంలో కవిత్వం సంగతి పక్కనపెట్టి, రాసేవాళ్ల రోజు ఎట్లా గడిచిందో చూద్దాం.

జాషువాతోనే మొదలుపెడతాను. 1895లో వినుకొండలో పుట్టిన మనిషి. మిషనరీ బడిలో నెలకు 3 రూపాయల జీతం. ఆ కొలువు పోతే రాజమండ్రి పోయి 1915-16లో సినిమా వాచకుడిగా పనిచేశారు. అప్పటివన్నీ మూగ సినిమాలు. తెరమీద బొమ్మ కదులుతుంటే వాచకుడు కథ చెప్పాలె, పాత్రల మాటలు తానే పలకాలె. ఆట ఆటకూ గొంతు అరిగేదాకా పలకడమే ఆ కొలువు. జీవిత చరిత్రలు రాసేవాళ్లు దీన్ని ఒక తమాషా సంగతిగా ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతారు. నాకైతే అక్కడ ఆగాలనిపిస్తుంది. జాషువా పద్యం కాగితం మీద కన్నా గొంతులో ఎందుకంత బాగుంటుందో ఆలోచించేవాళ్లు ఆ తెర పక్కన నిలబడ్డ ఇరవై ఏళ్ల పిల్లగాన్ని ఒకసారి తలుచుకోవాలె.

తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పాఠాలు చెప్పారు. 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడు. 'గబ్బిలం' 1941లో వచ్చింది. అంటే ఆ కావ్యం బడిపంతులుగా ఉన్నప్పటిది. పొద్దంతా పిల్లలకు పాఠం చెప్పి, మిగిలిన గంటల్లో రాసుకున్న మనిషి పని. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగా చేశారు, 1957-59లో మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా చేశారు. యుద్ధ ప్రచారం చేశాడని ఇప్పటికీ మూతి విరిచేవాళ్లున్నారు. విరవొచ్చు. కానీ ఆయనకు మాన్యాలు లేవు, వెనక సంస్థానం లేదు.

సంస్థానం మాట ఎందుకంటే, అదే కాలపు పెద్ద కవులకు అదొక దారి. తిరుపతి వేంకట కవులు సంస్థానాలు తిరిగి అవధానాలు చేసి సన్మానాలు పొందారు. వాళ్లలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారే తర్వాత జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఈ ఘట్టాన్ని మన పాఠ్యపుస్తకాలు చాలా ఇష్టంగా చెప్తాయి. గండపెండేరం గౌరవమే, కాదనను. దాంతో నెల గడవదు, అంతే.

మరి అచ్చు సంగతి? సాహిత్య అకాడమీలూ బహుమతులూ రాకముందు, మనవాళ్లు రాసింది వేసుకునే పత్రిక ఎక్కడుంది? లేదు. అందుకని రాసేవాడే ముందు పత్రిక పెట్టుకోవాల్సి వచ్చింది. రాజమండ్రిలో 'మాకొద్దీ నల్ల దొరతనము' రాసిన కుసుమ ధర్మన్న 'జయభేరి' పత్రిక నడిపారు. ఇటు నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ గారిది అదే కథ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు ఆయన ఎంచుకున్నది హరికథ. చదువు చేరని వాడలకు కాగితం తీసుకపోయి లాభం లేదని ఆయనకు తెలుసు. పావు శతాబ్దం గడిచాక, 1931లో 'భాగ్యనగర్' పత్రిక మొదలైంది. 'వెట్టి మాదిగ' ఆ పత్రికలోనే వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆ కథను విడిగా తీసి "తొలి దళిత వచన రచనల్లో ఒకటి" అని నెట్ పరీక్ష కోసం బట్టీ పడతాం. కానీ అది రావాలంటే ముందు ఆయన ఏమేం చేసి ఉండాలె? కాగితం కొనాలె, ప్రెస్సు మాట్లాడాలె, చందాదారులను వెతకాలె. సంఘం మీటింగులకు తిరుగుతూ, అర్జీలు రాస్తూ, బడులు నడుపుతూ ఈ పని కూడా చేయాలె. ఒక్క మనిషే రచయిత, సంపాదకుడు, మేనేజరు. పత్రిక ఆగిపోతే రచన కూడా ఆగిపోయినట్టే. మన పూర్వీకుల రచనలు ఎందుకిన్ని తక్కువ దొరుకుతున్నాయని విద్యార్థులు అడుగుతుంటారు. వాళ్లు రాయలేదని కాదు. పాత పత్రికల సంచికలు ఎవరింట్లో అటకమీద చెదలు తిన్నాయో వాళ్లకే తెలియాలె. గోగు శ్యామల గారు 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి 'నల్లపొద్దు' పేరుతో ఒకచోట పెట్టకపోతే తాడి నాగమ్మ అనే పేరు నా తరానికి తెలిసేది కాదు. వెతికి, పోగుచేసి, అచ్చుకు ఇచ్చే ఈ పనిని మన యూనివర్సిటీలు ఇప్పటికీ "సంకలనం" అని చిన్నచూపు చూస్తాయి. సిద్ధాంత గ్రంథం అంటే మాత్రం లేచి నిలబడతాయి.

అమ్మడం ఇంకో కూలి. వట్టికోట ఆళ్వారుస్వామి గారు ఇళ్లలో వంట చేసి, హోటల్లో సర్వరుగా చేసి, 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకాలు వేయడంతో ఆగలేదు. తానే మోసుకుని తెలంగాణ ఊళ్లు తిరిగి అమ్మారు. 'ప్రజల మనిషి' నవలను మనం క్లాసులో చెప్తాం, ఆ సంచీ బరువు చెప్పం.

అచ్చు అవసరమే లేకుండా జనంలోకి పోయినవాళ్లూ ఉన్నారు. మన కాజీపేటలో సెయింట్ గాబ్రియేల్ బడిలో పాఠాలు చెప్పిన కె.జి. సత్యమూర్తి, అజ్ఞాతంలోకి పోయి శివసాగర్ అయ్యారు. ఆయన పాటలు పుస్తకం కన్నా ముందు గొంతుల్లో తిరిగాయి. మా అమ్మమ్మ తరంవాళ్లు ఎవరు రాసిందో తెలియకుండానే పాడారు. పాటకు ఫారాల లెక్క ఉండదు. అందులో ఒక నష్టమూ ఉంది: ఎవరు రాశారో పోతుంది.

పేరు పోవడం అంటే నాకు కలేకూరి ప్రసాద్ గుర్తొస్తాడు. పదుల కొద్దీ పుస్తకాలు తెలుగులోకి తెచ్చాడు. కట్నం చావుల మీద ఆయన రాసిన పాట సినిమాలోకి కూడా పోయింది. రకరకాల కలం పేర్లతో రాశాడు. 2013 మే 17న ఒంగోలులో చనిపోయాడు. ఆయన తాగుడు గురించి కథలు చెప్పేవాళ్లు ఎంతోమంది దొరుకుతారు. ఆయన రోజుకు ఎన్ని పేజీలు అనువాదం చేసేవాడు, పేజీకి ఎంత వచ్చేది, ఆ పుస్తకాలు రెండో ముద్రణకు పోతే ఆయనకేమైనా అందిందా అని అడిగేవాళ్లు దొరకరు. అనువాదం కూలి పనే. చీకట్లో చేసే పని. అట్ట మీద చిన్న అక్షరాల్లో, ఒక్కోసారి లోపలి పేజీలో మాత్రమే పేరుండే పని. ఒక్క కవిత మీద పది వ్యాసాలు రాసుకున్న మనం ఆ అనువాదాల పూర్తి జాబితా ఒకటి తయారు చేయాలని కూడా అనుకోలేదు. ఇందులో నేనూ ఉన్నాను.

"సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకం" అని మన కవుల పుస్తకాలను ఎకసెక్కంగా అనే పెద్దలు సభల్లో కనబడతారు. వాళ్లకు ఒకటి గుర్తు చేయాలె. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు చలం ముందుమాట 1940 నాటిది. పుస్తకం వచ్చింది 1950లో, అదీ ఒక అభిమాని పూనుకుంటేనే. శ్రీశ్రీకే పదేళ్లు పడితే, వెనక ఎవరూ లేని మన పిల్లలు సొంత డబ్బు పెట్టక ఏం చేస్తారు?

ఇప్పటి సంగతికి వస్తే, సీసం అక్షరాలు ఏరి కూర్చే కంపోజిటర్లు పోయారు. డీటీపీ వచ్చింది. ములుగులో ఫ్లెక్సీలు, పెండ్లి పత్రికలు అయితయి గానీ పుస్తకానికి హనుమకొండ పోవాల్సిందే. మనం ఫోన్లో యూనికోడ్‌లో కొడతాం. డీటీపీ ఆయన దాన్ని అను ఫాంట్‌లోకి మార్చి పేజ్‌మేకర్‌లో పెడతాడు. మారేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, సున్నాలు జరిగిపోతాయి. మూడుసార్లు ప్రూఫు చూసినా తప్పు మిగులుతుంది. ఐఎస్‌బీఎన్ నంబరుకు మాత్రం పైసా ఇవ్వొద్దు, ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. ఈ ముక్క తెలియక డబ్బులు కట్టిన మిత్రులున్నారు.

నా సిద్ధాంత గ్రంథం 500 కాపీలు వేశాను. ఒక పంపిణీదారుకు 200 ఇచ్చాను, పేరెందుకులెండి. 40 శాతం కమిషన్, అమ్మినాక డబ్బులన్నారు. నాలుగేళ్లయింది. మిగతావి మా ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉన్నాయి. పోస్టులో పంపుదామంటే 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేశారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చారు, కొంత నయం.

గ్రంథాలయాలు కొంటాయి కదా అంటారు. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మాలవాడ, మాదిగవాడ, లంబాడి తండా, అందరి పన్నులోనూ అది ఉంది. ఆ పైసలతో కొన్న పుస్తకాల్లో మనవి ఎన్నో చూడడం కష్టం కాదు. ఏ శాఖా గ్రంథాలయానికైనా పోయి యాక్సెషన్ రిజిస్టరు తిప్పండి. మా విద్యార్థులకు ఈ సెలవుల్లో అదే పని ఇచ్చాను.

నోట్‌బుక్ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. ఇద్దరం కూర్చొని లెక్క వేశాం. అరవై కవితల్లో నలభై ఉంచాం, 6 ఫారాలు. 300 కాపీలు చాలనుకున్నాం. హాస్టల్ దోస్తులు, ఊళ్లో సంఘం వాళ్లు ముందే తలా కొంత ఇస్తామన్నారట. వాళ్లమ్మ 500 ఇచ్చింది, మిర్చి కూలి పైసలు. ఎవరెంత ఇచ్చారో నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టుకొమ్మన్నాను.

"ఆ పేజీ గూడ అచ్చేద్దామా సార్?" అన్నాడు.

వేద్దామన్నాను.

(ఇంకా ఉంది)

జై భీమ్.