బహమనీ రాజ్యం: దౌలతాబాద్ నుంచి కొండపల్లి దాకా

బహమనీ రాజ్యం ఢిల్లీ మీద తిరుగుబాటులో పుట్టింది. మహమ్మద్ బిన్ తుగ్లక్ పాలనతో విసిగిన దక్కన్ అమీర్లు దౌలతాబాద్‌లో ఎదురు తిరిగారు. వారిలో హసన్ అనే సేనాని 1347లో అలావుద్దీన్ బహమన్ షా పేరుతో గద్దెనెక్కి, గుల్బర్గాను రాజధాని చేసుకున్నాడు. ఢిల్లీ పెత్తనం పోవాలని కోరుకున్న ఓరుగల్లు ఏలిక ముసునూరి కాపయ నాయకుడు అతనికి అండగా నిలిచాడు. ఆ మైత్రి ఎంతో కాలం సాగలేదు. హసన్ కొడుకు మొదటి మహమ్మద్ షా హయాంలోనే గోల్కొండ కోట బహమనీల పరమైంది.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేది కోసం విజయనగరంతో తరతరాలు యుద్ధాలు జరిగాయి. అహ్మద్ షా వలీ కాలంలో రాజధాని బీదరుకు మారింది. సుల్తానులు ఇరాన్, అరేబియాల నుంచి పండితులను, సైనికులను పిలిపించుకున్నారు. వారిని ఆఫాకీలు అనేవారు. ముందే స్థిరపడిన దక్కనీలకు ఈ కొత్తవారి పలుకుబడి కంటగింపైంది. రాజ్యాన్ని ఎదిగించిన వలసే దర్బారును రెండు ముఠాలుగా చీల్చింది.

ఈ చీలికను సరిదిద్దాలని చూసినవాడు వజీరు మహమూద్ గవాన్. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చిన ఈ మేధావి పదవులను ఇరుపక్షాలకూ పంచాడు. 1472లో గోవాను గెలిచాడు, బీదరులో గొప్ప మదర్సా కట్టించాడు. నాలుగు తరఫ్‌లను (రాష్ట్రాలను) ఎనిమిది చేసి, ఒక్కో అధిపతి చేతిలో ఒక్క కోటనే ఉంచాడు. అధికారం తగ్గిన ప్రభువులు పగబట్టారు. అతని ముద్ర ఉన్న కాగితం మీద ఒడిశా రాజును దండయాత్రకు పిలుస్తున్నట్టు దొంగ ఉత్తరం సృష్టించారు. 1481లో మూడో మహమ్మద్ షా కొండపల్లి విడిదిలో నిజానిజాలు తేల్చకుండానే ఆ వృద్ధ వజీరును చంపించాడు. మరుసటి ఏడాది సుల్తానూ చనిపోయాడు.

ఆ తర్వాత తరఫ్‌దారులు ఎవరి దారి వారు చూసుకున్నారు. బీజాపూర్, అహ్మద్‌నగర్, బీరార్, గోల్కొండ, బీదర్ విడివిడి రాజ్యాలయ్యాయి. చివరి సుల్తాను కలీముల్లా 1527లో బీదర్ విడిచి పారిపోయాడు. విజయనగరంతో అన్ని యుద్ధాలు చేసి కూడా తట్టుకున్న రాజ్యం సొంత దర్బారు కక్షలకు బలైంది. నాది, నీది అన్న తగవు తీర్చగలిగిన ఒక్క మనిషినీ చంపుకోవడమే బహమనీలు చేసిన అతి పెద్ద తప్పు.