చెరువు అంచున జమ్ము: ఒక చారిత్రక ఆధారం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, దస్తావేజులు గుర్తుకు వస్తాయి. చెరువు అంచున పెరిగే జమ్ము కూడా ఒక ఆధారమే. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ పరిసరాలను ఉదాహరణగా తీసుకొని, దానిని ఎలా చదవాలో తెలుసుకుందాం.

జమ్మును గడ్డి అని పిలిచినా, వృక్షశాస్త్రం ప్రకారం అది గడ్డి కుటుంబానికి చెందదు. టైఫా అనే ప్రజాతికి చెందిన మొక్క. లోతు తక్కువగా ఉన్న నీటిలో, బురదలో అడ్డంగా పాకే కొమ్ముల ద్వారా వ్యాపిస్తుంది. రెండు మూడు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. గోధుమరంగు కండె పండి విచ్చుకుంటే, నూగుతో కూడిన గింజలు గాలికి ఎగిరిపోతాయి. లోతైన నీటిలో ఇది నిలవదు. అందుకే జమ్ము వరుస సాధారణంగా చెరువు అంచును సూచిస్తుంది.

పల్లెల్లో జమ్మును కోసి చాపలు అల్లేవారు, ఇళ్లకు కప్పేవారు. ఆ కోత వల్ల చెరువుకు కూడా మేలు జరిగేది.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. క్రమంగా చుట్టుపక్కల పొలాలు భవనాలయ్యాయి. చాపకు బదులు ప్లాస్టిక్, కప్పుకు బదులు కాంక్రీటు వచ్చాయి. కోసేవారు లేని జమ్ముకు మురుగునీటిలోని నత్రజని, భాస్వరం ఎరువయ్యాయి. ఎండిన ఆకులు, పూడిక కలిసి చెరువు అడుగును పైకి లేపుతాయి. ఒకనాటి ఉపయోగకరమైన మొక్క ఇప్పుడు "కలుపు" అయింది. మారింది మొక్క కాదు, దానితో మనుషుల సంబంధం అని గమనించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మురుగు నిలిచిన కొత్త గుంటలో కూడా జమ్ము మొలుస్తుంది. కాబట్టి జమ్మును చూసి మాత్రమే అది పాత చెరువు అని నిర్ణయించకూడదు. గ్రామ పటాన్ని, కట్ట, తూము, అలుగు ఆనవాళ్లను దానితో సరిపోల్చాలి.

ఈ పరిశీలన ఎందుకు అవసరం? వానలు లేని ఏడాది శిఖం భూమి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. అక్కడ ఇల్లు కట్టుకున్నవారికి నీరు తిరిగి వచ్చినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో చెరువుల దిగువన, పరిసరాల్లో ఉన్న అనేక కాలనీలు మునిగాయి.

అభ్యాసం: మీ ఊరి చెరువు వద్ద జమ్ము ఎక్కడి వరకు ఉందో గుర్తించండి. నీరు ఒకప్పుడు ఎక్కడి వరకు వచ్చేదో పెద్దలను అడగండి. రెండింటికీ తేడా ఉంటే, కారణాలను పది వాక్యాల్లో రాయండి.